మ్యాపు పట్టినోడు నిద్రపోవద్దు

జనగామ, మానుకోట అని పిలుచుకునే మహబూబాబాద్, భూపాలపల్లి మూడూ ఒకే జిల్లాలో ఉన్న రోజులవి. వరంగల్ జిల్లా అంటే అన్నీ అందులోనే. ఈ మూడు ఊళ్లలో ఏ రెంటి మధ్య లెక్కేసినా నూట యాభై కిలోమీటర్లు దాటదు. అయినా జనగామలో పుట్టి పెరిగిన నేను ఇంజనీరింగ్ అయిపోయేదాకా భూపాలపల్లి మొహం చూడలేదు. మా జనగామోళ్ల చూపంతా హైదరాబాద్ మీద. పొద్దున రైలెక్కితే ఆఫీసు వేళకు సికింద్రాబాద్‌లో దిగొచ్చు. మానుకోటోళ్లది పట్టాల వెంట డోర్నకల్, ఖమ్మం, బెజవాడ దిక్కు. భూపాలపల్లోళ్లకు పరకాల మీదుగా హన్మకొండ చేరితే అదే పట్నం, లేదంటే మంథని మీదుగా గోదావరిఖని. కలెక్టరాఫీసు ఒక్కటే, మనుషుల దారులు మాత్రం వేర్వేరు. ఈ మూడు ఊళ్ల నుంచి వచ్చిన మేం ముగ్గురం ఒకరి మొహం ఒకరు చూసుకున్నది టెక్సాస్‌లో, డాలస్‌కు దగ్గర్లో ఒక స్టేట్ యూనివర్సిటీ పక్కన, రెండు గదుల అపార్ట్‌మెంట్‌లో. అది 1998 ఆగస్టు.

ఇక్కడ పేర్లు రాయను. అక్కడ కూడా మేం పేర్లతో పిలుచుకున్నది తక్కువే. నేను జనగామోణ్ని. ఒకడు మానుకోటోడు, ఒకడు భూపాలపల్లోడు. నాలుగో మనిషి గుంటూరాయన. మా అందరికంటే పెద్ద, కొన్నాళ్లు ఉద్యోగం చేసి వచ్చినవాడు, అందుకని ఆయనను మేం 'అన్నా' అనేవాళ్లం. ఆయన మమ్మల్ని 'ఏమయ్యా వరంగల్లు' అని ముగ్గురినీ కలిపి ఒకే మాటతో పిలిచేవాడు. మేం ముగ్గురం ఒకే ఊరివాళ్లమని అపార్ట్‌మెంట్లలో చాలామంది నమ్మారు. కొన్నాళ్లకు మేమూ నమ్మడం మొదలుపెట్టాం.

అప్పట్లో అమెరికా చదువుకు పోవడమంటే ముందు మద్రాసు పోవడం. హైదరాబాద్‌లో అమెరికా కాన్సులేట్ 2008 అక్టోబరులో గానీ తెరవలేదు. కాజీపేటలో చార్మినార్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి, యూనివర్సిటీ పంపిన ఐ-20 కాగితం ప్లాస్టిక్ ఫోల్డర్‌లో పెట్టుకొని, దాన్ని తలకింద పెట్టుకొని పడుకొని, మద్రాసులో దిగి జెమిని ఫ్లైఓవర్ పక్కన తెల్లవారకముందే వీసా క్యూలో నిలబడాలి. ఆ రైలు మానుకోట మీదుగానే పోతుంది. ఆ ఊళ్లో నాతోపాటే అదే యూనివర్సిటీకి పోతున్నవాడు ఒకడున్నాడని, వాడూ అదే నెలలో అదే రైలెక్కాడని నాకు చాలా తర్వాత తెలిసింది. ఇక సామాను. విమానానికి రెండు సూట్‌కేసులు, ఒక్కొక్కటి 32 కిలోలు. అందులో కుక్కరు, పోపుల డబ్బా, తొక్కులు, ఇండియాలో చవకగా దొరికే పాఠ్యపుస్తకాలు, రెండేళ్లకు సరిపోయే బట్టలు. మానుకోటోడి పెట్టెలో ఎండుమిర్చి కారమే ఐదు కిలోలుండేది.

1999 మార్చిలో వసంత విరామం సెలవులు వచ్చినప్పుడు గ్రాండ్ కాన్యన్ చూసి రావాలని అనుకున్నాం. అనుకోవడానికీ బయలుదేరడానికీ మధ్య ఎంత పని ఉండేదో ఈ కాలపు పిల్లలకు చెప్తే వింతగా వింటారు. 25 ఏళ్లు నిండనివాళ్లకు కారు కిరాయికి ఇవ్వడానికి కంపెనీలు వెనకాడేవి. ఇచ్చినా రోజుకింత అని అదనం వేసేవి. క్రెడిట్ కార్డు ఉన్నది గుంటూరన్నకు ఒక్కడికే. కారు ఆయన పేరు మీద తీసుకొని, అదనం కట్టి రెండో డ్రైవరుగా మానుకోటోణ్ని రాయించాం. వాడు ఊళ్లో ట్రాక్టరు నడిపినవాడు, స్టీరింగ్ అంటే చెయ్యి వణకదు. నాకూ భూపాలపల్లోడికీ మ్యాపు పని పడింది.

మ్యాపు అంటే ర్యాండ్ మెక్‌నాలీ వాళ్ల రోడ్ అట్లాసు. మోకాళ్ల మీద పరిస్తే రెండు తొడలూ కప్పేసే పుస్తకం. రాష్ట్రాల వారీగా పేజీలు, దారి పక్కన ఎర్ర అంకెల్లో మైళ్లు. దానికి తోడు మ్యాప్‌క్వెస్ట్. 1996లో వచ్చిన వెబ్‌సైటు అది. ఎక్కణ్నుంచి ఎక్కడికో కొడితే ఏ దారిలో ఎన్ని మైళ్లు పోయి ఎటు తిరగాలో వరుసగా రాసిచ్చేది. కంప్యూటర్ ల్యాబ్‌లో ఆ కాగితాలు అచ్చేసుకొని, పిన్ను కొట్టి, వెనుక పేజీ మీద ఖర్చుల లెక్క రాసుకునేవాళ్లం. ఆ కాగితాలు దారి తప్పనంతసేపే పనికొస్తాయి. ఒక్క ఎగ్జిట్ దాటిపోతే మళ్లీ అట్లాసే దిక్కు.

ఇంటర్‌స్టేట్ రోడ్లకు ఒక పద్ధతి ఉంది. 1956లో ఐసన్‌హోవర్ ప్రెసిడెంటుగా ఉన్నప్పుడు చట్టం చేసి మొదలుపెట్టిన రోడ్లవి. సరిసంఖ్య ఉంటే తూర్పు పడమరలు, బేసిసంఖ్య ఉంటే ఉత్తర దక్షిణాలు. సరిసంఖ్యలు దక్షిణం నుంచి ఉత్తరానికి పెరుగుతాయి, బేసిసంఖ్యలు పడమర నుంచి తూర్పుకు. ఈ రెండు ముక్కలు తెలిస్తే, ఏ రోడ్డు మీదున్నా ఎటు పోతున్నామో సుమారుగా చెప్పొచ్చు. భూపాలపల్లోడు దాన్ని ఒక్క రాత్రిలో కంఠస్థం చేశాడు. దేశమంతా వాడి తలకాయలో గళ్లుగళ్లుగా ఉండేది.

బయలుదేరేముందు గుంటూరన్న ఒక నియమం పెట్టాడు. వెనుక సీట్లో ఇద్దరు ఎంతసేపైనా పడుకోవచ్చు. ముందు సీట్లో మ్యాపు పట్టినోడు మాత్రం కన్ను మూయకూడదు. ఎగ్జిట్ నంబరు ముందుగా చెప్పాలి, పెట్రోలు ముల్లు చూడాలి, డ్రైవరుతో మాట్లాడుతూ ఉండాలి. మాటలు అయిపోతే మన ఊరి గురించి చెప్పాలి. ఈ చివరి షరతు ఎందుకు పెట్టాడో మాకప్పుడు తెలియలేదు. ఆ ప్రయాణంలో మాకు మిగిలింది ఎక్కువగా దానివల్లనే.

తెల్లవారుజామున బయలుదేరాం. డబ్బాల నిండా పులిహోర, ఉడకబెట్టిన గుడ్లు, చపాతీలకు బదులు వాల్‌మార్ట్‌లో దొరికే టోర్టిల్లాలు, ఆవకాయ సీసా. డిక్కీలో ఎలక్ట్రిక్ రైస్ కుక్కరు, ఐదు కిలోల బియ్యం. పెట్రోలు ఆ రోజుల్లో గాలనుకు డాలరు, అటూఇటూ. అందుకే అంత దూరం కలలు కనగలిగాం. ఫోర్ట్‌వర్త్ దాటి 287 నంబరు రోడ్డెక్కి విచిటా ఫాల్స్, వెర్నన్, చిల్డ్రెస్ మీదుగా అమరిల్లో వైపు.

వెర్నన్ దాటాక ఎర్ర నేలలు మొదలయ్యాయి. మార్చి కాబట్టి చేలల్లో ఏమీ లేదు. కానీ రోడ్డు పక్కన కంచెలకు, గడ్డికి తెల్లగా ఏదో చిక్కుకొని ఉంది. మానుకోటోడు కారు పక్కకు తీసి ఆపాడు. దిగి పోయి కంచె నుంచి ఆ తెల్లటి ముక్క పీకి, వేళ్ల మధ్య పెట్టి మెల్లగా లాగాడు. ఒకసారి, మళ్లీ ఒకసారి.

“పత్తి రా. పింజ మంచిగనే ఉంది.”

ఇంకేం మాట్లాడలేదు. మేమూ మాట్లాడలేదు. 1997 చివర్లో, 98 మొదట్లో వరంగల్ జిల్లా పత్తి చేలల్లో ఏం జరిగిందో మాకు తెలుసు. వానలు కాలం తప్పి పడ్డాయి, లద్దె పురుగు చేనంతా తినేసింది, ఎన్ని మందులు కొట్టినా చావలేదు. మందులు అప్పు మీద తెచ్చినవి, విత్తనాలు అప్పు మీద తెచ్చినవి, అప్పిచ్చినవాడూ మందులమ్మినవాడూ చాలా ఊళ్లలో ఒక్కడే. ఆ మందే తాగి రైతులు చనిపోయారు. ఒక ఊళ్లో ఒకరు కాదు, జిల్లా అంతా. పేపర్లలో రోజూ వరంగల్ పేరే. మానుకోటోడి తండ్రి ఆ ఏడు పత్తీ మిర్చీ రెండూ వేసి రెండూ పోగొట్టుకున్న మనిషి. ఆ అప్పు మీద ఇంకో అప్పు చేసి కొడుకును విమానం ఎక్కించాడు. టెక్సాస్ అమెరికాలో అందరికంటే ఎక్కువ పత్తి పండించే రాష్ట్రమని మాకు క్లాసులో ఎవరూ చెప్పలేదు. కంచె దగ్గర నిలబడి తెలుసుకున్నాం. ఆ దూది ముక్కను వాడు ఖాళీ ఫిల్ము డబ్బీలో పెట్టి మూత బిగించి జేబులో వేసుకున్నాడు.

అమరిల్లో దగ్గర ఐ-40 ఎక్కాక దారి తిన్నగా సాగుతుంది. న్యూ మెక్సికోలోకి పోయాక వేగం 75 మైళ్లు, ఆకాశం పెద్దదవుతుంది, గడియారం గంట వెనక్కి పోతుంది. పాత రూట్ 66 అక్కడక్కడా పక్కనే కనిపించి మాయమవుతూ ఉంటుంది. కారులో క్యాసెట్ ప్లేయరు. గుంటూరన్న 'తొలిప్రేమ' పాటలు తెచ్చాడు, భూపాలపల్లోడు గద్దర్ క్యాసెట్ తెచ్చాడు. ఒకవైపు అయిపోతే తిప్పి వేయాలి, ఆ తిప్పే పని కూడా మ్యాపు పట్టినోడిదే. ఆ రెండు క్యాసెట్లూ మారిమారి మోగుతుండగా అల్బుకర్కీ దాటి, చీకటి పడ్డాక గ్యాలప్ అనే ఊరు చేరాం.

గ్యాలప్‌లో మోటెళ్లు వరుసగా ఉంటాయి. మేం ఆగిన దాంట్లో కౌంటరు దగ్గర కూర్చున్నది ఒక గుజరాతీ పెద్దమ్మ. అమెరికాలో ఇట్లాంటి చిన్న మోటెళ్లలో చాలావాటిని గుజరాతీ పటేళ్లే నడుపుతారు. ఇంగ్లిషులో బేరం ఆడుతున్న గుంటూరన్నను పక్కకు జరిపి మానుకోటోడు మన వరంగల్ ఉర్దూ-హిందీ కలిపి అందుకున్నాడు. “అమ్మా, హమ్ స్టూడెంట్ లోగా హై, థోడా దేఖో” అనగానే ఆమె నవ్వింది. గది ధర తగ్గించింది, పైగా పొద్దున చాయ్ కూడా ఇచ్చింది. కుక్కరులో అన్నం వండుకుంటామంటే కిటికీ తెరిచిపెట్టుకోమని మాత్రం చెప్పింది. తన కొడుకు కూడా ఎక్కడో చదువుకుంటున్నాడట. ఏ ఊళ్లోనో చెప్పింది గానీ, ఆ ఊరు పేరు నాకిప్పుడు గుర్తులేదు. చెప్తున్నప్పుడు ఆమె మొహం మాత్రం బాగా గుర్తుంది.

ఆ ఊళ్లో మెయిన్ రోడ్డుకు ఆనుకొనే రైలు పట్టాలు. రాత్రంతా గూడ్సు బండ్లు పోతూనే ఉన్నాయి. మానుకోటోడి ఇల్లు స్టేషన్ దగ్గర. పట్టాల పక్క పుట్టినవాడికి రైలు చప్పుడులో నిద్ర బాగా పడుతుందంటారు. వాడు మాత్రం బయట మెట్ల మీద కూర్చొని డబ్బాలు లెక్కపెట్టాడు. “డోర్నకల్ నుంచి బొగ్గు బండి వస్తే యాభై, అరవై డబ్బాలుండేయి. ఇది నూరు దాటినా అయిపోతలేదు” అన్నాడు. భూపాలపల్లోడు వచ్చి పక్కన కూర్చొని అందులో ఏ బండిలో బొగ్గుందో చెప్పాడు. వాళ్ల నాయిన సింగరేణిలో బొగ్గు బాయి కార్మికుడు. గోదావరిఖని నుంచి బదిలీ మీద భూపాలపల్లి వచ్చిన కుటుంబం. బొగ్గు బండి పోతుంటే చీకట్లో కూడా వాసన పడతాడు వాడు.

గ్రాండ్ కాన్యన్ గురించి ఎక్కువ చెప్పను. ఫొటోలు అందరూ చూసినవే. 446 కిలోమీటర్ల పొడవు, వెడల్పు ఎక్కువున్న చోట 29 కిలోమీటర్లు, లోతు మైలుకు పైనే, అడుగున కొలరాడో నది. మార్చిలో కూడా గట్టు మీద మంచు ఉంటుంది. మేం వేసుకున్న చెప్పులకు అది తెలియదు. లోయ లోపల నిలబడ్డ శిఖరాలకు విష్ణు టెంపుల్, బ్రహ్మ టెంపుల్, శివ టెంపుల్ అని పేర్లు. 19వ శతాబ్దంలో సర్వేకు వచ్చిన క్లారెన్స్ డటన్ అనే భూగర్భ శాస్త్రవేత్త తూర్పు దేశాల దేవుళ్ల పేర్లు పెట్టే అలవాటు తెచ్చాడు. అన్నిటికంటే అడుగున ఉన్న రాతికి కూడా విష్ణు అనే పేరే, దాని వయసు 170 కోట్ల ఏళ్లకు పైమాటే. గుంటూరన్న అక్కడి బోర్డు మీద ఆ పేర్లు చదివి చేతులు జోడించాడు. భూపాలపల్లోడు మాత్రం పొరలే చూస్తూ నిలబడ్డాడు.

కెమెరాలో ఒక రోలుకు 36 ఫొటోలు. ఎవరు నిలబడాలి, ఎండ ఎటుంది, కళ్లు మూసుకుంటే ఎట్లా అని ప్రతి ఫొటోకూ చర్చ. తీసింది ఎట్లా వచ్చిందో ఊరికి పోయి కడిగించేదాకా తెలియదు. ప్రతి రోలుకూ రెండు ప్రతులు అడిగేవాళ్లం, ఒకటి మాకు, ఒకటి ఇండియాకు. ఇంటికి పంపే ఫొటోలో మనిషి మొహం కనపడాలి, వెనుక లోయ కూడా కనపడాలి, ఒంటి మీద స్వెటరు కూడా కనపడాలి. లేకపోతే అమ్మలు ఉత్తరాల్లో అడుగుతారు.

సాయంత్రం అక్కడి పబ్లిక్ ఫోను దగ్గర భూపాలపల్లోడి వంతు. అరిజోనాలో సాయంత్రం 6 అయితే ఇండియాలో మరునాడు పొద్దున 6:30. కాలింగ్ కార్డు వెనుక పొడి గీకితే నంబరు బయటపడుతుంది. అది కొట్టి, ఇంటి నంబరు కొట్టాలి. ఇంట్లో ఫోను లేదు, పి.పి. నంబరు. అంటే ఇంటి పక్క కిరాణా దుకాణంలోని ఫోను. మొదటి కాల్‌లో “మా నాయినను పిలువుండ్రి, పది నిమిషాలల్ల మళ్ల జేస్త” అని చెప్పి పెట్టేయాలి. ఆ పది నిమిషాల్లో దుకాణంలో పిల్లవాడు ఉరికి పోయి రాత్రి షిఫ్టు దిగి వచ్చిన మనిషిని లేపుకొస్తాడు. రెండోసారి కలిసినప్పుడు కొడుకు అడిగింది ఆరోగ్యం, తండ్రి అడిగింది తిండి. కార్డులో నిమిషాలు అయిపోతున్నాయని మధ్యలో ఒక ఆడమనిషి గొంతు ఇంగ్లిషులో చెప్పింది. తండ్రి ఆ గొంతుకు మర్యాదగా “ఆ, మంచిదమ్మా” అన్నాడట. వాడు ఫోను పెట్టేసి ఆ మాట చెప్పి, కాసేపు మా వైపు తిరగకుండా లోయ దిక్కే చూశాడు.

తిరుగు ప్రయాణం రాత్రి కూడా నడిపాం. సెలవులు అయిపోతున్నాయి, ఇంకో మోటెలుకు డబ్బులు లేవు. అప్పుడే గుంటూరన్న షరతు విలువ తెలిసింది. ఐ-40 మీద రాత్రి రెండు గంటలకు చక్రాల చప్పుడు తప్ప ఏమీ ఉండదు. మ్యాపు పట్టినోడు మాట్లాడాలి. పరీక్షల గురించి, ప్రొఫెసర్ల గురించి మాట్లాడితే అరగంటలో అయిపోతుంది. ఊరి గురించి మొదలుపెడితే తెల్లవారుతుంది.

భూపాలపల్లోడు మేడారం చెప్పాడు. రెండేళ్లకోసారి మాఘమాసంలో వచ్చే సమ్మక్క సారలమ్మ జాతరకు చిన్నప్పుడు తాతగారి ఊరి నుంచి ఎడ్లబండి కట్టుకొని పోయిన దారి చెప్పాడు. బండి కింద లాంతరు, వెనుక కట్టిన మేక, జంపన్నవాగు ఒడ్డున గుడారం, బంగారమని మొక్కే బెల్లం బుట్టలు. గణపురం కోటగుళ్ల రాళ్ల మధ్య ఆడుకున్న ఆటలు చెప్పాడు. సాయంత్రమైతే ఆ దిక్కు బస్సులు తగ్గిపోయేవని, టార్చి లైట్లు మొహం మీద వేసి ఎవరు, ఏ ఊరని అడిగేవాళ్లు రెండు దిక్కులా ఉండేవాళ్లని, దానికి జవాబు చెప్పడం పిల్లలకు కూడా నేర్పేవాళ్లని చెప్పాడు. డ్రైవింగ్ సీట్లో ఉన్న మానుకోటోడు నిద్ర మరిచిపోయి కురవి వీరభద్రస్వామి జాతర అందుకున్నాడు. బయ్యారం చెరువు, తండాల్లో తీజ్ పండుగకు గోధుమ మొలకల బుట్టలు ఎత్తుకొని ఆడే ఆడపిల్లలు, వాడి సావాసగాడైన లంబాడా పిల్లవాడి ఇంట్లో తిన్న జొన్నరొట్టె.

నా వంతు వచ్చినప్పుడు పెంబర్తి ఇత్తడి పని చెప్పాను. రేకును జిగురు మీద పరిచి ఉలితో కొడుతూ దేవుడి బొమ్మ తేల్చే చేతుల గురించి చెప్పాను. పోతన బమ్మెర మా పక్కనే అని చెప్పాను. కడవెండి చెప్పాను. 1946 జూలై 4న దొర గుండాల తుపాకీ కాల్పుల్లో దొడ్డి కొమరయ్య చనిపోయిన ఊరు. మా నాయిన బడిపంతులు, ఆ కథ నాకు ఆయన చెప్పినంతే తెలుసు. ఆయనకు వాళ్ల నాయిన చెప్పింది. గుంటూరన్న వెనుక సీట్లో లేచి కూర్చొని అంతా విన్నాడు. “మీ జిల్లా ఇంతుందని నాకు తెలియదయ్యా” అన్నాడు. మాకూ తెలియదు. ఒకే జిల్లాలో పుట్టి, ఒకే కలెక్టరు సంతకం పెట్టిన సర్టిఫికెట్లు పట్టుకొని పోయిన ముగ్గురం, సొంత జిల్లాను ఐ-40 మీద, చీకట్లో, ఒకడి నిద్ర ఆపడం కోసం తెలుసుకున్నాం.

ఆ మరుసటి సంక్రాంతి ముందు, అక్క పెళ్లికి నేను ఇంటికి వచ్చాను. అప్పట్లో ఒక కట్టుబాటు ఉండేది. ఎవరు ఇండియా వచ్చినా మిగతా వాళ్ల ఇళ్లకు పోయి రావాలి. ఫొటోలు, చాక్లెట్లు, తల్లికి ఒక షాల్, తండ్రికి ఒక గడియారం పట్టుకుపోవాలి. వచ్చేటప్పుడు తొక్కులు, పొడులు, ఉత్తరాలు తేవాలి. పోకపోతే తప్పు పట్టేవాళ్లు. పోస్టులో వచ్చిన ఫొటో వేరు, కొడుకుతో కలిసి ఒకే గదిలో ఉండే మనిషి చేతి నుంచి అందుకున్న ఫొటో వేరు.

జనగామలో గోల్కొండ ఎక్స్‌ప్రెస్ ఎక్కి మానుకోటలో దిగాను. వాళ్లమ్మ ప్రతి ఫొటోలో అన్నం కోసం వెతికింది. “ఇక్కడ ఏం తిన్నరు బిడ్డా? ఈ మంచుల ఎట్ల వండుకున్నరు?” అంటూ ఒక్కొక్కటి అడిగింది. గ్యాలప్ మోటెలు గదిలో కుక్కరు చుట్టూ కూర్చున్న ఫొటో దొరికేదాకా ఆమె మనసు కుదుటపడలేదు. ఫ్రేము కట్టించడానికి ఆమె ఏరుకున్నది అదే, కాన్యన్ కాదు. తండ్రికి కొడుకు పంపిన ఫిల్ము డబ్బీ ఇచ్చాను. మూత తీసి దూదిని వేళ్ల మధ్య లాగి చూశాడు, కంచె దగ్గర కొడుకు లాగినట్టే.

“వాళ్లకు పురుగు పడదా?”

పడుతుందని చెప్పాను. 1892లో మెక్సికో నుంచి కాయ తొలిచే ముక్కుపురుగు టెక్సాస్‌లోకి వచ్చి తరాల తరబడి రైతులను ముంచిందని, ఇప్పుడు రైతులూ ప్రభుత్వమూ కలిసి జిల్లాలకు జిల్లాలు ఒకేసారి మందు కొట్టి దాన్ని ఏరేస్తున్నారని గుంటూరన్న చెప్పింది చెప్పాను. ఆయన చాలాసేపు ఆలోచించాడు. “అందరు ఒక్కసారి కొట్టాలె. ఒక్కడు కొడితే పక్క చేన్లకు పోయి మళ్లొస్తది” అన్నాడు. డబ్బీ తిరిగి ఇవ్వలేదు. పండుమిరప తొక్కు రెండు సీసాలు కట్టిచ్చారు.

మానుకోట నుంచి వరంగల్ రైలు, హన్మకొండ నుంచి పరకాల మీదుగా ఆర్టీసీ బస్సు. భూపాలపల్లి నేను మొదటిసారి చూసింది ఆ రోజే. సింగరేణి క్వార్టర్ల వరుసలు, షిఫ్టు మారేటప్పుడు సైకిళ్ల మీద పోయే మనుషులు. భూపాలపల్లోడి నాయినను నేను 'బాపూ' అని పిలిచాను. ఆయన ఫొటోల్లో కొడుకును ఒక్క క్షణం చూసి, తర్వాత వెనకున్న లోయను చూశాడు. కళ్లద్దాలు తెచ్చుకొని వాకిట్లో వెలుగులోకి పోయి చూశాడు.

“ఇది కప్పు లేని బాయి లెక్కున్నది గదరా.”

ఆ తర్వాత వేలు పెట్టి పై నుంచి కిందికి చదివాడు. ఇది గట్టి రాయి, కింద మెత్తది, అందుకే కింద అరిగి పైది మెట్టులాగ నిలబడ్డది. ఇది ఇసుకరాయి. ఇక్కడ నీళ్లు ఊరుతుంటయ్. చదువు రాని మనిషి కాదు గానీ, భూగర్భ శాస్త్రం చదివిన మనిషి కూడా కాదు. పాతికేళ్లు కప్పు కింద బతికినవాడు. కప్పు ఏ రాయిదో, ఎప్పుడు చప్పుడు చేస్తుందో తెలుసుకోవడం మీదే ఆయన ప్రాణం ఆధారపడింది. ఎన్నో ఏళ్ల తర్వాత నేను చదివి తెలుసుకున్న సంగతి ఒకటుంది. కాన్యన్ గట్టు మీద మేం నిలబడి ఫొటో దిగిన సున్నపురాయి, భూపాలపల్లి కింద ఆయన తవ్విన బొగ్గు, రెండూ పర్మియన్ యుగానివి. పాతిక కోట్ల ఏళ్లకు పైబడిన వయసు రెంటికీ. తండ్రీ కొడుకులు భూమికి చెరో పక్కన ఒకే కాలపు రాతిని తాకారు. ఆ మాట ఆయనకు చెప్పే వీలు నాకు కలగలేదు. అప్పటికే ఆయన పోయారు.

ఆ జీవితం వెళ్లిపోయింది. 2005లో గూగుల్ మ్యాప్స్ వచ్చాయి, 2007లో ఐఫోన్ వచ్చింది, మరికొన్నేళ్లకు మలుపు మలుపుకూ చెప్పే గొంతు కారులోకి వచ్చింది. కాలింగ్ కార్డులు పోయాయి, ఇంటింటికీ వీడియో కాల్ వచ్చింది. అది మంచిదే. పది నిమిషాలు దుకాణం ముందు నిలబడి కొడుకు గొంతు కోసం ఎదురుచూసిన తండ్రిని తెలిసినవాణ్ని, ఆ రోజులే మేలని నేను అనలేను. 2016 అక్టోబరు 11న జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి మూడు జిల్లాలయ్యాయి. ఆ తర్వాత ములుగు కూడా వేరై, మేడారం, రామప్ప గుడి అటు పోయాయి. భూపాలపల్లి పక్కన చెల్పూరులో 2010 నుంచి కరెంటు తయారవుతోంది. ఇప్పుడు అమెరికా పోయే పిల్లవాడు భూపాలపల్లిలో ఉండగానే వాట్సాప్ గ్రూపులో తన యూనివర్సిటీ వాళ్లందరినీ కలుసుకుంటాడు. రూమ్మేట్ ఎవరో, ఏ అపార్ట్‌మెంటో విమానం ఎక్కకముందే తెలుసు. పిల్లలకు పని తేలికైంది. నాకు సంతోషమే.

నాకు కలుక్కుమనేది ఒక్కటే వార్త. ఏటా మన పత్రికల్లో వస్తుంది. అమెరికాలో రోడ్డు ప్రమాదం, తెలుగు విద్యార్థుల మృతి. ఏ ఊరో చూస్తాను. ఎన్నోసార్లు మన ఊళ్లే. కొన్నిట్లో తప్పు ఎదుటి బండిది, పిల్లలు చేయగలిగింది ఏమీ లేదు. కానీ కొన్నిట్లో రాత్రి ప్రయాణం ఉంటుంది. దారి చెప్పడానికి ఫోను ఉంది కాబట్టి ముందు సీట్లోవాడు కూడా పడుకోవచ్చు అనుకునే కాలం ఇది. మా కారులో గుంటూరన్న ఎందుకు అంత పట్టుబట్టాడో ఆయన ఒకసారి మాకు చెప్పాడు. మాకంటే ముందు వచ్చిన బ్యాచ్‌లో ఆయన స్నేహితుడు ఒకడు అట్లా పోయాడు. నలుగురున్న కారులో నలుగురూ నిద్రపోయారు.

అమెరికాలో పిల్లలున్న తల్లిదండ్రులు ఎవరైనా ఇది చదివితే, ఈసారి వీడియో కాల్‌లో తిండి సంగతి అడిగాక ఒక్క మాట చెప్పండి. రాత్రిపూట దూరాలు నడపొద్దనండి. తప్పదంటే, పక్క సీట్లో ఒకరు మేలుకొని కూర్చొని మాట్లాడుతూ ఉండాలనండి. ఏం మాట్లాడాలని అడిగితే, మన ఊరి గురించి చెప్పమనండి.